అత్తమ్మ సంచిలో ఫోన్

మాది వనపర్తి. షేర్లు కొంటే నెలల తరబడి కదపను. రోజూ చూస్తే భయపడి అమ్మేస్తానని, షేర్ల యాప్ ఉన్న పాత ఫోన్‌ను మా అత్తమ్మకిచ్చి, మార్కెట్ ఉండని ఆదివారమే ఇమ్మన్నాను. ఎక్కడికెళ్లినా అది ఆమె సంచిలోనే.

ఓ మంగళవారం ఇద్దరం బీచుపల్లి ఆంజనేయస్వామి గుడికి వెళ్లాం. వరుసలో ఎవరో మార్కెట్ కుప్పకూలిందన్నారు. వెంటనే అన్నీ అమ్మేద్దామనుకున్నాను. అందరి ముందూ ఆమె సంచి పట్టి లాగాను. జనం నన్ను దొంగను చూసినట్టు చూశారు.

"ఆదివారం ఇస్త," అంటూ అత్తమ్మ సంచిని చంకలో ఇరికించుకుంది.

ఆదివారం తనే ఫోన్ తెచ్చింది. ధరలు చాలావరకు కోలుకున్నాయి. నేను ఊపిరి పీల్చుకుంటే, ఆమె ముఖం పీక్కుపోయి ఉంది.

"గిండ్ల ఏముందోనని రోజు తెరిసి చూసిన బిడ్డా. ధరలు పడి అంత ఎర్రగ కనబడె. నాకు నిద్ర పడ్తలేదు, ఇగ నువ్వే పెట్టుకో."

ఇప్పుడు ఆ ఫోన్ ఎవరికివ్వాలా అని చూస్తున్నాను.