చెంగు దోపుకోమన్న బాబాయి గారు

మా పక్క చేను బాబాయి గారు మొన్న బందరు ఆసుపత్రిలో కన్నుమూశారు. నేను నాట్ల కోసం చేలో ట్రాక్టరుతో దమ్ము చేస్తుండగా ఫోన్ వచ్చింది. ఇంజను ఆపి గట్టు మీద కూర్చున్నాను. ఆ కబురు చెప్పుకోవడానికి కనుచూపు మేరలో మనిషి లేడు.

మాది బంటుమిల్లి దగ్గర పల్లె. చుట్టూ చేలన్నీ చేపల చెరువులైపోయాయి. ఆ వైపున వరి వేసేవాళ్లం ఆయనా, నేనూ మిగిలాం. మా వారు పోయాక, ఆయన కొన్న చిన్న ట్రాక్టరు పాకలో పడి ఉండేది. అమ్మేస్తానంటే బాబాయి గారు ఒప్పుకోలేదు.

"ముందు నడపడం నేర్చుకోమ్మా. అప్పుడూ వద్దనిపిస్తే అమ్ముదువు గానీ."

తీరా నేర్చుకోవడానికి వెళ్తే మొదటి రోజు సీటెక్కనివ్వలేదు. "చీర మీద చొక్కా వేసుకో. చెంగు లోపలికి దోపుకో. జడ ముడేసుకో" అన్నారు. ఆయన చెప్పినవి మీకూ చెప్పాలని ఉంది. వెనక మట్టిని గుల్ల చేసే రోటవేటరును తిప్పే షాఫ్టుకి తొడుగు లేకపోతే బండి తియ్యకూడదు. గట్టు ఏటవాలుగా కాదు, తిన్నగా దాటాలి. బురదలో దిగబడితే రేస్ ఇవ్వకూడదు, ముందు చక్రాలు లేచి బండి వెనక్కి పడుతుంది. ఇన్ని చెప్పిన మనిషి తాను మాత్రం ట్రాక్టరు ఎక్కేవారు కాదు. తన చేను అద్దె బండితో దున్నిస్తూ, అది తిరుగుతున్నంతసేపూ ఎటో వెళ్లిపోయేవారు.

ఒకసారి రోటవేటరుకి గడ్డి చుట్టుకుంది. వాన ముంచుకొస్తోందని ఇంజను ఆపకుండానే దిగాను. బాబాయి గారు తన చేలోంచి పరుగున వచ్చి తాళం తిప్పి ఇంజను ఆపేశారు.

"ఒక్క నిమిషం పనే కదండీ!" అన్నాను చిరాగ్గా.

"మీ పిన్ని కూడా అదే అంది."

పిన్ని నందివాడలో ఉండగా పోయారని మాత్రమే నాకు తెలుసు. ఎలా పోయారో ఆయన ఏనాడూ చెప్పలేదు, నేను అడగలేదు.

"దాని చెంగు షాఫ్టుకి చుట్టుకుందమ్మా. సీటు మీద ఉన్నది నేనే. ఆపేలోపే అయిపోయింది."

వాన మొదలైంది. ఆయన పక్కకి వెళ్లి నిలబడ్డాను. ఆయనే వంగి, ఆ గడ్డిని పోగు పోగుగా లాగి పడేశారు.

ఆ మరుసటి పంటకి మా గుమ్మం ముందుకొచ్చి, "ఈసారి నా చేను కూడా నువ్వే దున్నమ్మా" అన్నారు. ఆ రోజు ఆయన ఎటూ వెళ్లలేదు. ఆఖరి చాలు దాకా గట్టు మీద నిలబడి చూశారు. పనయ్యాక నేను దిగితే, "బాగుంది" అని ఒక్క మాట అని, ముఖం కడుక్కోవడానికి కాలవలోకి దిగారు. చాలాసేపటికి గానీ పైకి రాలేదు.

అంత్యక్రియల మర్నాడు మిగిలిన దమ్ము పూర్తి చేశాను. నా వెనకాల బురదలో కొంగలు బారుగా దిగాయి. ఆయన ఆసుపత్రిలో ఉండడంతో, గట్టుకి అవతల ఆయన చేనుకి ఈ ఏడు ఎవరూ నీళ్లు పెట్టలేదు. నెర్రెలిచ్చిన ఆ నేల మీద ఒక్క పిట్టయినా వాలలేదు.