తాగాడన్న మాట

జల్లెడమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇళ్ళు కట్టే చోట ఇసక జల్లించడం ఆవిడ పని. చెల్లెలు పుట్టి, ఇంట్లో చేతులు చాలక బడి మాన్పించిన నాటి నుంచి అదే పని. ఏటవాలుగా నిలబెట్టిన జల్లెడ మీదికి పారతో ఇసక విసరాలి. మెత్తనిది అవతల రాలుతుంది, రాళ్ళు ఇవతలికి జారతాయి. "ఇసకయితే జల్లిస్తావు గానీ, మాట మాత్రం వచ్చింది వచ్చినట్టు కుమ్మరిస్తావు" అని మొగుడు ఆటపట్టించేవాడు. ఆ మాట ఆవిడే పదిమందికీ చెప్పుకుని నవ్వేది.

మొగుడు మిల్లరు మీద పనిచేసేవాడు. మిల్లరంటే కంకర, సిమెంటు, ఇసక కలిపి తిప్పే యంత్రం. పెళ్ళయిన కొత్తలో కూలి డబ్బులు చేతికొచ్చిన రోజున తప్పతాగి వచ్చేవాడు. గుమ్మం ఎటుందో తెలియక గోడతో తగువు పెట్టుకునేవాడు. కూతురు పుట్టి, దానికి నడక వచ్చాక, ఒకనాడు ఆ పిల్ల అచ్చం నాన్నలాగే తూలుతూ నడిచి చూపించింది. ఇంట్లో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అతను నవ్వలేదు. ఆ తర్వాత మళ్ళీ సీసా ముట్టుకోలేదు. మానడం ఎంత కష్టమో జల్లెడమ్మకి తెలుసు. అతని చేతులు వణుకుతుంటే వాటిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పెళ్ళాడిన మొగుడి కన్నా తాగుడు మానేసిన మొగుడంటేనే ఆవిడకి గౌరవం.

ఎండలు ఎప్పుడూ ఉన్నవే. కానీ కొన్నేళ్ళుగా వస్తున్నవి ఎండల్లా లేవు. పొద్దెక్కకముందే పార రేకు చేతికి చురుక్కుమనేది. పక్కవీధి ముసలాయన నీడలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అయినా స్లాబు పని ఆగదు. స్లాబు పొయ్యడం ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు పడుతుంది, అతుకులోంచి వాన నీళ్ళు కారతాయి. "తెల్లారగట్ల మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగిద్దాం మేస్త్రీ" అని మొగుడు ఎన్నోసార్లు అడిగాడు. "తెల్లారగట్ల కంకర లారీ మీ మామగారు తోలుకొస్తాడా?" అనేవాడు మేస్త్రీ. అందరూ నవ్వేవారు, అతనితో సహా.

ఆ రోజూ లారీ ఆలస్యంగానే వచ్చింది. స్లాబు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మిల్లరు దగ్గర గుడ్డముక్కంత నీడ లేదు. ఉన్నట్టుండి మొగుడికి చెమట పట్టడం ఆగిపోయింది, మాట ముద్దగా వచ్చింది. నీళ్ళు అడిగాడు. అతని తమ్ముడు కూడా అక్కడే నిచ్చెన మీద నిలబడి కాంక్రీటు గమేళాలు పైకి అందిస్తున్నాడు. కిందికి దిగి, డ్రమ్ములోంచి చెంబుతో ముంచి పోశాడు. నీళ్ళు కూడా సలసల కాగుతున్నట్టే ఉన్నాయి. అవే గటగటా తాగాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ తాగాడు. ఇంకోసారి అడగబోతూ పడిపోయాడు. జల్లెడమ్మ, మరిది కలిసి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అతుకు పడుతుందని పని ఆపలేదు.

ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో నేల మీద కూడా పడుకోబెట్టారు. డాక్టరు కుర్రవాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాడి పట్టుకుంటూనే అడిగాడు.

"తాగాడా?"

"తాగాడండీ. అడిగి అడిగి తాగాడు."

డాక్టరు తలాడించి ఏదో రాసుకున్నాడు. పొద్దుగూకకముందే మొగుడు పోయాడు.

కొన్నాళ్ళకి తన పార తెచ్చుకుందామని జల్లెడమ్మ పనిచోటికి వెళ్ళింది. కొత్త స్లాబు ఎండకి బీటలు వారకుండా తడిగోనెలు కప్పి ఉన్నాయి. చుట్టూ మట్టిగట్లు కట్టి నీళ్ళు నింపారు. ఒకతను గొట్టంతో ఇంకా తడుపుతూనే ఉన్నాడు. ఆవిడ చాలాసేపు నిలబడి చూసింది. పార తీసుకుని వచ్చేసింది.

ఎండదెబ్బకి పోయినవాళ్ళ ఇంటికి ప్రభుత్వం పరిహారం ఇస్తుందని ఎవరో చెబితే అర్జీ పెట్టుకుంది. అది వెళ్ళిన దారినే తిరిగొచ్చింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. కోర్టు వెనక పాత సైకిల్ స్టాండుకి గోడలు కట్టి చేసిన గదిలో ఉచిత న్యాయ సహాయం చేసే లాయరమ్మ కూర్చుంటుందని తెలిసి అక్కడికి బయల్దేరింది.

"డబ్బు తీసుకున్న లాయర్లకే దిక్కులేదు, ఫ్రీ లాయరు గెలిపిస్తుందా?" అన్నాడు ఎదురింటి టైలరు, మిషను తొక్కడం ఆపకుండా.

"ఓడిపోయినా నా సొమ్మేం పోదుగా అన్నా" అంది జల్లెడమ్మ.

లాయరమ్మ అన్నీ ఓపిగ్గా వింది. "ఇది మీ ఒక్కరి కేసు కాదమ్మా. ఆయన ఎండదెబ్బకే పోయాడని ఒప్పుకుంటే, మిట్టమధ్యాహ్నం స్లాబులు ఆపించమని, పనిచోట నీడ, చల్లటి నీళ్ళు పెట్టించమని అడగడానికి మనకో పట్టు దొరుకుతుంది" అంది. తర్వాత ఆసుపత్రి నుంచి కాయితాలు తెప్పించి, చదువుతూ చదువుతూ ఆగింది.

"ఆయన తాగేవాడా అమ్మా?"

"మానేసి ఏళ్ళు గడిచాయి. ఏం?"

"మద్యం తాగి ఉన్నట్టు భార్య చెప్పింది అని రాశారిక్కడ."

జల్లెడమ్మకి మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ వరండా, ఆ ఎర్రటి కళ్ళు, ఆ ప్రశ్న, తను చెప్పిన జవాబు వరసగా గుర్తొచ్చాయి.

"నీళ్ళమ్మా" అంది. "నేను చెప్పింది నీళ్ళ సంగతి."

లాయరమ్మ కలం కింద పెట్టేసింది.

విచారణ రోజున అధికారి ముందు, భార్య చెప్పింది నీళ్ళ గురించేనని లాయరమ్మ గట్టిగానే వాదించింది. రక్తం పరీక్ష ఎందుకు చేయలేదని అడిగింది. "చెయ్యలేదు కాబట్టే చెప్పిన మాట మీద ఆధారపడాలి" అన్నాడు అధికారి. ఇక మిగిలింది నీళ్ళు పోసిన మరిది. అతన్ని లేపి, మీ అన్న ఆ రోజు ఏం తాగాడని అడిగారు. మరిది వెనక్కి తిరిగి చూశాడు. బల్ల చివర మేస్త్రీ కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. మరిదికి ఇద్దరు పిల్లలు, మేస్త్రీ దగ్గర తప్ప వేరే పని లేదు.

"నేను పైన ఉన్నానండీ. చూళ్ళేదు."

"భార్య కన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు ఎవరుంటారమ్మా" అన్నాడు అధికారి, నెమ్మదిగానే. అర్జీ కొట్టేశారు. మొగుడు తాగి చచ్చాడన్నది అలా ముద్ర పడి ఖాయమైంది.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ..." అని మొదలుపెట్టిన టైలరు ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

"నోరు జారలేదన్నా" అంది జల్లెడమ్మ. "ఉన్నదే చెప్పాను."

ఆ తర్వాత ఆవిడ నోట ఆ మాట ఒంటరిగా రాలేదు. "తాగావా?" అని ఎవరైనా అడిగితే "టీ తాగాను" అనేది. కూతురు అన్నానికి కూర్చుంటే "మంచినీళ్ళు తాగు" అనేది. కూతురు మొదట్లో నవ్వేది, తర్వాత మానేసింది. మరిది ఎదురైతే జల్లెడమ్మ తిట్టలేదు, మొహం తిప్పుకోలేదు. "పిల్లలు బాగున్నారా" అని అడిగి వెళ్ళిపోయేది. ఆ మాటకే అతను తల దించుకునేవాడు.

మరుసటి వేసవి ఇంకా ముందే వచ్చి కూర్చుంది. ఒక మధ్యాహ్నం తోటికోడలు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఆయన పడిపోయాడు. స్లాబు మీద. నీళ్ళు తాగుతూ తాగుతూనే."

అదే వరండా. ఈసారి డాక్టరు ఆడమనిషి. అడిగింది మాత్రం అదే.

"తాగాడా?"

తోటికోడలు నోరు తెరిచింది. జల్లెడమ్మ ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

"నీళ్ళు తాగాడండీ. మంచినీళ్ళు. సారా కాదు, ఇంకోటి కాదు. ఎండలో స్లాబు పోస్తూ పడిపోయాడు. అలాగే రాయండి."

"ముందు చూడనివ్వమ్మా."

"చూడండి తల్లీ. చూశాక రాయండి. రాసింది నాకు చదివి వినిపించండి."

డాక్టరమ్మ విసుక్కుంది. కానీ రాసింది, చదివి వినిపించింది. ఎండదెబ్బ అన్న మాట జల్లెడమ్మ రెండోసారి కూడా చదివించుకుంది.

మరిది బతికాడు. కిడ్నీలు మాత్రం దెబ్బతిన్నాయి. ఇక గమేళా ఎత్తే పని చేయలేడని చెప్పేశారు. మేస్త్రీ చూడటానికి రాలేదు. అతని చోట ఇంకొకర్ని పెట్టుకున్నాడు. ఆ స్లాబు కూడా ఆపకుండానే పూర్తయింది.

లాయరమ్మ ఆసుపత్రికి వచ్చి కాయితం చూసింది. అదే మేస్త్రీ, అదే పని, అదే ఎండ కాబట్టి ఈ కాయితంతో జల్లెడమ్మ మొగుడి కేసుని పై అధికారి దగ్గరికి తీసుకెళ్ళవచ్చంది. "కానీ సాక్షి కావాలి" అని మంచం వంక చూసింది. గెలుస్తామని మాత్రం అనలేదు.

ఆమె వెళ్ళాక మరిది పైకప్పు చూస్తూ పడుకున్నాడు. అదీ ఎవరో ఎండలో పోసిన స్లాబే.

"వదినా" అన్నాడు చివరికి. "నేనేం చెప్పాలి?"

జల్లెడమ్మ గ్లాసులో కాసిని నీళ్ళు పోసి, అతని తల ఎత్తి పట్టుకుని పెదవులకి ఆనించింది.

"నువ్వు పోశావు, మీ అన్న తాగాడు. అదే చెప్పు" అంది.

కాస్త ఆగి, "నీళ్ళు" అంది.