మా తోటికోడలి చూరు

అండమాన్‌లోని ఫెరార్గంజ్‌లో మా ఇల్లు, మరిది వాళ్ల ఇల్లు ఒకే స్థలంలో ఎదురెదురుగా ఉంటాయి. రెండిటికీ రేకుల కప్పే. చాలా ఏళ్లు బుధవారం సాయంత్రం గృహ ప్రార్థన మా వరండాలోనే జరిగేది. తర్వాత మరిది వాళ్లు కొత్త కప్పు వేయించుకున్నారు. ఎర్ర రేకులు, ఎత్తయిన కొప్పు, వరండా దాటి ముందుకు చాచుకున్న చూరు. ఎంత ఏటవాలు వాన కురిసినా లోపల కూర్చున్నవాళ్ల మీద జల్లు పడదు. రెండు వారాల్లో ప్రార్థన అక్కడికి మారిపోయింది. ఎవరూ నాతో ఒక్క మాట అనలేదు. నా చాపలు మాత్రం అడిగి పట్టుకెళ్లారు.

ఆ చాపల దగ్గర మొదలైంది నా ఏడుపు. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే కిటికీలోంచి ఆ చూరే కనబడేది. కళ్లలో నిప్పులు పోసుకున్నాను. వాళ్లు పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన ఒక రోజు బట్టలు కొలిచే టేపు పట్టుకెళ్లి, స్టూలెక్కి కొలిచాను. మూడడుగులు.

మా ఆయన ఓడ మీద పనికి వెళ్లి నెలల తరబడి రారు. ఇంటి సంగతులన్నీ నావే. వాళ్లకు కప్పు వేసిన మేస్త్రీనే పిలిపించి, నాకు నాలుగడుగుల చూరు కావాలన్నాను.

మేస్త్రీ పైకెక్కి చూసి దిగాడు. "దీదీ, చార్ ఫీట్ లాగితే కిందనుంచి గాలి పట్టీసుకుంటాది. మీ వాసాలు పాతవి, చివర్లు దీమక్, అదే చెదపురుగు, తినీసింది. పహలే అవి మార్చాల."

"వాసాలు ఎవరికి కనబడతాయి భయ్యా? పాతవాటికే ముక్కలు అతికించి రేకులు వేసెయ్యండి."

అతను రెండు రోజులు రాలేదు. మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తే వచ్చి, నేను చెప్పినట్టే చేశాడు. పని జరుగుతుండగా తోటికోడలు వాకిలి దాటి వచ్చింది.

"అక్కా, వాసాలు ఓసారి సరిగ్గా చూపించుకోవాల్సింది. మాకూ ముందు అవే మార్చారు."

నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. పాఠం చెబుతోందనిపించింది. "నీ ఇల్లు నువ్వు చూసుకోమ్మా" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

కప్పు పూర్తికాగానే ప్రార్థనకు అందరినీ మా ఇంటికి పిలిచాను. నీలం రేకులు చూసి, "చూరు బాగా పెద్దది పెట్టావు" అన్నారు. ఆ మాట తోటికోడలికి వినబడిందా లేదా అని వెనక్కి తిరిగి చూశాను కూడా.

రెండో పాటలో ఉండగా గాలి లేచింది, వెంటే వాన. చూరు అంచు ఒకసారి లేచి పడింది. గుడ్డ చింపినట్టు చప్పుడైంది. "లోపలికి రండి!" అని ఎవరో అరిచారు. అందరూ గోడవైపు జరిగారో లేదో, వరండా మీదివీ ముందు గది మీదివీ రేకులు అతుకు ముక్కలతో సహా లేచిపోయి వాకిట్లో పడ్డాయి. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాటల పుస్తకాలు నెత్తిన పెట్టుకుని అందరూ ఎదుటి వరండాలోకి పరిగెత్తారు. తోటికోడలొక్కతే ఎదురు వచ్చింది. "అక్కా, మిషన్ తడిసిపోతోంది, పట్టు!" అంది. ఇద్దరం కలిసి మోసుకెళ్లి వాళ్ల చూరు కింద పెట్టాం.

మర్నాడు మేస్త్రీ విరిగిన కర్రలు వాకిట్లో పరిచి, ఒక్కొక్కటీ ఎత్తి చూపించాడు. కొప్పు కింద పొడవునా పోయేది వెన్నుదూలం. రెండు వైపుల వాసాలూ దానికి తల ఆనించి, బరువంతా కిందకి గోడ మీదికి దించుతాయి. వాసాల మీద అడ్డంగా పట్టెలు. రేకుల్ని పట్టుకునేవి అవే. కొప్పు మీది మడతరేకు రెండు వాలుల మధ్య సందు మూస్తుంది. చూరు వాన నీటిని గోడకు దూరంగా పారేస్తుంది.

"రేకు వాన ఆపుతాది దీదీ. గాలిని ఆపాల్సింది వాసం" అన్నాడు.

తోటికోడలు పక్కనే నిలబడి వింది. "నేను చెప్పాను కదా" అనలేదు. అంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. ఆ ఓర్పు చూసి మరింత ఉడుక్కున్నాను. ఆపుకోలేక నోరు జారాను.

"నీ చూరు కంటే ఒక అడుగు ఎక్కువుండాలనే పెట్టించాను."

"మాది ఎంతో నీకెలా తెలుసు?"

"మీరు లేనప్పుడు టేపుతో కొలిచాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అడిగితే చెప్పేదాన్ని కదక్కా" అని లోపలికి వెళ్లిపోయింది. వారం రోజులు అవసరమైన మాటలు తప్ప మా మధ్య మాటల్లేవు.

ఈసారి వాసాలన్నీ మార్పించి, ఇనుప పట్టీలతో గోడకు బిగించాం. చూరు రెండున్నర అడుగులు. ప్రార్థన మాత్రం వాళ్లింట్లోనే ఉండిపోయింది. నేనూ వెళ్తాను.

మొన్నామధ్య అక్కడ కళ్లు మూసుకోవాల్సిన సమయంలో నేను పైకి చూస్తున్నాను. ఒక బోల్టు చుట్టూ తుప్పు మరక కనబడింది. దాని కింది రబ్బరు బిళ్ల పాడైతే ఆ కన్నంలోంచి నీళ్లు దిగి పట్టె కుళ్లిపోతుందని ఇప్పుడు నాకు తెలుసు. అబద్ధం ఎందుకు, ముందు సంతోషమే వేసింది. రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు పొద్దున్నే వెళ్లి, తోటికోడలిని వరండాలోకి పిలిచి వేలెత్తి చూపించాను.