అతిథికి వేరే గ్లాసు

మా గోదావరి జిల్లాల మర్యాద గురించి ఎవరైనా పొగిడితే నేను మాట మార్చేస్తాను. అండీ అనకుండా మాకు వాక్యం పూర్తి కాదు. ఆ అండీ వెనకాల ఎంత రోత దాగుంటుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను, అప్పటినుంచి ఆ తీపి నాకు పడదు.

దీనికంతటికీ మూలం ఎప్పటివాడో ఒక తమిళ కవి. రెండేసి పాదాల్లో నీతి చెప్పిన మహానుభావుడు. మా నాన్న టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా తమిళనాడు నుంచి వచ్చిన మిషన్ మాస్టారు ఒకాయన ఆ పుస్తకం తెలుగు అనువాదం చేతిలో పెట్టారట. అంతే, బైబిలు పక్కన అదీ చేరింది. దెందులూరు దగ్గర మా పేటలో పిల్లలకి లెక్కలు చెబుతూ మధ్యలో ఆ కవిని తెచ్చేవారు. అందులోనూ అతిథి మర్యాద గురించి చెప్పిన భాగమంటే ఆయనకి ప్రాణం. మా ఇంటికి పాత సామాన్లవాడు వచ్చినా కుర్చీ వెయ్యాల్సిందే. అమ్మ విసుక్కునేది, నేను నవ్వేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తాడేపల్లిగూడెం రైస్ మిల్లు యజమాని ఒకాయన కన్యాకుమారి వెళ్లి, సముద్రంలో నిలబెట్టిన ఆ కవి విగ్రహం చూసి మురిసిపోయి వచ్చారు. కొల్లేట్లో చేపల చెరువులు కూడా ఉన్న ఆసామి. మిల్లు పక్కన కొత్త గెస్ట్‌హౌస్ కట్టించి, గుమ్మం ముందు ఆ కవి బొమ్మ తెల్ల సిమెంటుతో పోయించారు. ప్రారంభానికి ఆ కవి గురించి నాలుగు మాటలు చెప్పేవాళ్లు కావాలి. ఎవరో మా నాన్న సంగతి చెప్పారు. కబురు రాగానే నాన్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. తోడుగా నేను వెళ్లాను.

నాన్న ఆ రోజు చాలా బాగా మాట్లాడారు. ఇంటికొచ్చినవాడి మనసు ఎంత సున్నితంగా ఉంటుందో, పెట్టే చేతికన్నా చూసే చూపు ఎంత ముఖ్యమో చెబుతుంటే ముందు వరసలో యజమాని భార్య కళ్లు తుడుచుకుంది. చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు, చెయ్యి తగలకుండా.

తర్వాత భోజనాలు. మాంసం వద్దన్న కవి బొమ్మ పక్కనుంచే కొరమీను పులుసు గిన్నెలు మేడమీదికి ఎక్కుతున్నాయి. పైన బల్లల మీద అరిటాకులు వేసి ఉన్నాయి. నాన్న మెట్ల మీద కాలు పెట్టబోతుంటే యజమాని ఎదురొచ్చారు.

"మేస్టారూ, పైన ఒకటే గోలగా ఉంటదండీ. పెద్దవారు, ప్రశాంతంగా తింటారని మీకు కిందే వేయించానండి. ఏమీ అనుకోకండేం!"

కింద అంటే జనరేటరు గది పక్క వరండా. తవుడు వాసన. రెండు థర్మోకోల్ ప్లేట్లు, రెండు ప్లాస్టిక్ గ్లాసులు. పైన వాళ్లకి స్టీలు గ్లాసులు. మేము ఊరి బయట పేటవాళ్లం. పాతకాలంలో మాకు టీ కొట్టు చూరులో వేరే గ్లాసు ఉండేది. ఇప్పుడు వాడి పారేసే గ్లాసు వచ్చింది, కడిగే పని కూడా లేదు. వేడి పులుసుకి ప్లేటు మెత్తబడి వంగిపోతుంటే నాకు కంపరం పుట్టింది. ముద్ద దిగలేదు. నాన్న మాత్రం శుభ్రంగా తిన్నారు. తిని, అలవాటు కొద్దీ గ్లాసు కుళాయి కింద కడిగి, ఎక్కడ బోర్లించాలా అని చుట్టూ చూశారు. పనమ్మాయి చెత్తబుట్ట చూపించింది. నాన్న చేతిలోంచి ఆ గ్లాసు లాక్కుని నా హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను.

బస్సులో అడిగేశాను. "మీకు అర్థం కాలేదా నాన్నా?"

"అర్థమైందమ్మా."

"మరి ఎలా తిన్నారు? సిగ్గనిపించలేదా?"

"సిగ్గు నాకెందుకమ్మా? నేను చెప్పింది ఆయన చెవికెక్కలేదు. అలాగని నేనూ పాటించడం మానేస్తానా?"

ఆ కవి మీద కూడా నాకు ఒళ్లు మండింది. ఇంత మెత్తగా తయారుచేసి వదిలాడు మనిషిని. ఆ గ్లాసు వంటింటి అలమరలో ఉప్పు డబ్బా పక్కన పెట్టుకున్నాను. ఆ పెద్దమనిషి ఏదో ఒకరోజు దొరక్కపోతాడా అని.

దొరికాడు. మరుసటి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, హైవే మీద కారు ఆగిపోయి, నీడ కోసం మా పేటలోకే నడిచొచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నాన్న గుర్తుపట్టి ఎదురెళ్లి, ఫ్యాన్ కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నాన్న మొహంలో అంత సంబరం ఆ మధ్య నేను చూడలేదు.

"అమ్మాయ్, మంచినీళ్లు!"

ఆ ప్లాస్టిక్ గ్లాసు నిండా నీళ్లు పోసి పళ్లెంలో పెట్టి తెచ్చాను. నాన్న దాన్ని చూశారు. నన్ను చూశారు. పళ్లెంలోంచి గ్లాసు తీసుకుని, "ముందు నాకే దాహంగా ఉందండీ" అని నవ్వుతూ తానే గటగటా తాగేశారు. తర్వాత స్వయంగా లోపలికి వెళ్లి, రిటైరైనప్పుడు పాత విద్యార్థులు ఇచ్చిన వెండి గ్లాసులో కుండ నీళ్లు తెచ్చి రెండు చేతులతో అందించారు. మా ఇంట్లో వెండి అంటే అదొక్కటే.

యజమాని అందుకున్నారు. "మీ ఉపన్యాసం ఇప్పటికీ చెప్పుకుంటారండీ మావాళ్లు" అన్నారు. గ్లాసు చేతిలోనే ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఇంతలో డ్రైవరు కొట్లోంచి వాటర్ బాటిల్ కొని పట్టుకొచ్చాడు. గ్లాసు మెల్లగా స్టూలు మీద పెట్టి, ఆ బాటిలు ఎత్తి సగం తాగేశారు. మా నాన్న ఎదురుగానే.

"వస్తానండి మేస్టారూ. మా గొప్ప మర్యాద చేశారండీ."

ఛీ! ఆ అండీ నా ఒంటి మీద జెర్రి పాకినట్టు పాకింది.

నాన్న ఆ నీళ్లు తాగలేదు, పారబొయ్యనివ్వలేదు. గ్లాసు సాయంత్రం దాకా స్టూలు మీదే ఉంది. నేను నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను. దీపాలు పెట్టే వేళకి నాన్న అన్నారు, "ఆ ప్లాస్టిక్‌ది పారెయ్యమ్మా. ఆయన మళ్లీ వచ్చినా వెండి గ్లాసులోనే ఇద్దాం." నా వంక చూడకుండా, "ఒక్క గుక్క తాగినా బాగుండేది" అన్నారు.

ఇప్పుడు నాన్న లేరు. వెండి గ్లాసు నా దగ్గరుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా, ఎంత ఒళ్లు మండే మనిషి వచ్చినా, అందులోనే నీళ్లిస్తాను. ఇచ్చి లోపలికి వెళ్లను. తాగేదాకా ఎదురుగా నిలబడతాను.