మధ్యలో మూడడుగులే, మావయ్యా

నిన్న పొద్దున్న అత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మావయ్యే ఆ ఫోన్‌తో చేస్తున్నాడనుకుని కట్ చేశాను.

రెండుసార్లు కట్ చేశాను.

మూడోసారి ఎత్తితే, "ఒలే, మీ మావయ్య లేడే" అంది అత్త. గుండెపోటట. నాకేమీ అర్థం కాలేదు. నేను కట్ చేసింది ఆ కబురునా?

మా అమ్మ తమ్ముడు సింహాచలం మావయ్య ఆమదాలవలస దగ్గర వరి రైతు. జీవితంలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. నాకు టెన్నిస్ నేర్పింది మాత్రం ఆయనే.

శ్రీకాకుళంలో ఒక క్లబ్ ఫెన్సింగ్ బయట నిలబడి చూసి నేర్చుకున్నాడు. నూర్పులు అయిపోగానే కళ్లం చదును చేసి, పేడతో అలికి, సున్నంతో గీతలు గీసేవాడు. అదే మా కోర్టు. రెండు సెకండ్ హ్యాండ్ రాకెట్లు. నెట్ అంటే కళింగపట్నం నుంచి తెచ్చిన చేపల వల.

"గొడ్డలి పట్టుకున్నట్టు పట్టుకోయే. బంతిని ఇసరకు, అరిసేతిలోంచి పైకి వదులు. అది ఆగిన సోటే కొట్టు."

నా సర్వీసు అంతా ఈ మూడు మాటలే.

క్లబ్‌లో నెట్ మధ్యలో కిందికి దిగి ఉండటం ఆయన చూశాడు. చూసి నవ్వాడు. "ఆఫీసర్లు కదేటి, వల బిగించడం కూడా రాదు. తాడు సడలిందంటే పనోడికి ఒళ్లు వంగనట్టే!" పోల్ దగ్గర ఎత్తు మూడున్నర అడుగులని కొలుచుకొచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే ఎత్తులో బిర్రుగా లాగి కట్టాడు. అదే ఆయన గర్వం.

రెండు నెలల క్రితం విజయనగరంలో సెలెక్షన్స్‌కి మావయ్యే తీసుకెళ్లాడు. నా సర్వీసులన్నీ గీత దాటి అవతల పడ్డాయి. డబుల్ ఫాల్ట్ మీద డబుల్ ఫాల్ట్. ఓడిపోయాను.

అవతలి అమ్మాయి కోచ్ అడిగాడు. "నెట్ మధ్యలో మూడడుగులే కదమ్మా ఉండాలి, నువ్వు ఎంత ఎత్తు మీద నుంచి కొట్టడం నేర్చుకున్నావు?"

అందరి ముందూ మావయ్య మీద అరిచాను. "నీకు టెన్నిస్ ఏటి తెలుసు మావయ్యా? తప్పు నేర్పి నా పరువు తీసీసావు!"

తిరుగు రైలు పొందూరులో ఆగినప్పుడు ఆయన, "టీ తాగుతావేటే?" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

తర్వాత ఒకసారి ఫోన్ చేశాడు. "ఒలే, వల సరిసేసాను. ఒక్కపాలి వొచ్చి సర్వీసు కొట్టి సూడు." చూద్దాంలే అన్నాను. ఆపైన ఆయన ఫోన్లు ఎత్తలేదు. అంత పొగరు నాకెందుకు? ఛీ.

నిన్న దహనం అయ్యాక అత్త చెప్పింది. "రోజూ పొద్దున్నే ఎల్లి సున్నం గీసీవోడే. పిల్ల ఈరోజు వొస్తాదేమో అనీవోడు."

ఇవాళ తెల్లారగానే కళ్లానికి వెళ్లాను.

గీతలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. నెట్‌ని మధ్యలో, ఆయన పొందూరు ఖద్దరు పంచె అంచు చింపిన పీలికతో కిందికి లాగి నేలలోని మేకుకు కట్టి ఉంది. శుభకార్యాలకి తప్ప కట్టని పంచె అది. టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా మూడడుగులు.

అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత లేచి ఒక్క సర్వీసు కొట్టాను.

గీత లోపలే పడింది.

నేను మంచి సర్వీసు కొడితే ఆయన చెయ్యెత్తి "ఇన్ను!" అని ఊరంతా వినపడేలా అరిచేవాడు. ఇవాళ ఎవరూ అరవలేదు. బంతి దొర్లుకుంటూ పోయి గట్టు దగ్గర ఆగింది.

మావయ్యా, వల సరిగ్గానే ఉంది. నేనే రాలేదు.

ఇంక ఎదురు చూడకు. హాయిగా నిద్రపో.