నాన్న సాక్ష్యం నేను రాశాను, అమ్మ చెప్పింది

మీ సంఘంలో ప్రార్థన వేళ మైకు పట్టుకుని, తాగుడు మానేశానని కన్నీళ్ళతో చెప్పిన మనిషి ఈ ఆదివారం ఎక్కడ ఉన్నాడో మీలో ఎవరైనా అడిగారా సహోదరులారా? అతను కూర్చునే చోటు ఖాళీగా ఉంటే ఇంటికి వెళ్ళి చూశారా? చప్పట్లు కొట్టిన చేతులతో అతని తలుపు తట్టారా? అడిగే హక్కు నాకుంది. అలాంటి మనిషికి నేను కూతురిని, ఆయన సాక్ష్యాన్ని రాసిపెట్టింది కూడా నేనే.

మాది పాలమూరు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం. నాన్న యాదయ్య సెంట్రింగ్ పని చేసేవాడు, అంటే స్లాబు పోసే ముందు చెక్కలూ ఇనుప రేకులూ బిగించే పని. మాదాపూర్‌లో ఇవాళ మీరు లిఫ్టెక్కి వెళ్ళే అంతస్తుల్లో కొన్ని మొదట ఆయన బిగించిన చెక్కల మీదే నిలబడ్డాయి. ఆ భవనాలు పూర్తయ్యాక అమ్మ వాటిలో నేల తుడవడానికి వెళ్ళింది. మేము ఉండేది మదీనాగూడలో, హైవే మీది దుకాణాల వెనక, రేకుల గదుల బస్తీలో. అక్కడ పిల్లలకు పద్యాల కంటే ముందు తిట్లు వస్తాయి, నాకూ వచ్చాయి; నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెతో కొట్టడం వచ్చు, కొట్టించుకోవడం వచ్చు, కల్లు కాంపౌండు నుంచి వచ్చేవాళ్ళ అడుగుల చప్పుడు విని ఎవరి ఇంట్లో ఇవాళ వంట కాదో చెప్పడం కూడా వచ్చు.

తెలంగాణ ఉద్యమం మా బస్తీకి వచ్చినప్పుడు నేను పదో తరగతి. ర్యాలీకి ఆడపిల్లను పంపరు కాబట్టి నేను కాగితాలు రాసి కిరాణా కొట్టు పక్క గోడకు అంటించేదాన్ని. నీళ్ళెందుకు రావని రాశాను, బడిలో సారెందుకు రాడని రాశాను, అద్దాల మేడను రోజూ తుడిచే మా అమ్మ ఆ మేడ ముందు గేటులోంచి ఎందుకు వెళ్ళకూడదని రాశాను. పోరగాళ్ళు గట్టిగా చదివి ఈలలు వేసేవాళ్ళు. కూరగాయల బండి నర్సవ్వకు చదువు రాదు, అయినా ఎవరితోనో చదివించుకుని విని, "ఏం పిల్లవే స్వరూపా, నీ నోట్ల నాలిక ఉన్నదా, బ్లేడు ఉన్నదా?" అనేది. ఆ రాతల్లో కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అయినా ఆ పిల్లంటే నాకు ఇప్పటికీ గౌరవం. ఎవరూ అడగమనకుండానే అడిగింది. దేవుడు ఆ నోరు మూయలేదు, దానికి పని చూపించాడు, అందుకు ఆయనకే మహిమ.

మా బస్తీ చివర ఒక రేకుల షెడ్డులో ప్రార్థన జరిగేది. పాస్టరుగారూ, ఆయన భార్య పాస్టరమ్మగారూ భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్ళు. అమ్మ నన్ను తీసుకుని వెళ్ళేది, నాన్న తాగుడు మానాలని ప్రతి కూడికలో మోకరించేది. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనకు నాన్న తనంతట తానే వచ్చాడు, ముందుకు వెళ్ళి ఏడ్చాడు, ఇక తాగనన్నాడు. ఆ ఏడుపు నిజమని నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. కానీ మనకు ఒక తొందర ఉంది సహోదరులారా, శుక్రవారం ఏడ్చినవాడు ఆదివారం మైకు ముందు నిలబడాలి. మా సంఘపెద్ద ఇమ్మానుయేలు గారు, మంచి మనిషి, మా ఇంటికి ప్రత్యేకంగా వచ్చి చెప్పాడు.

"సాక్ష్యం చెప్పకుంటే ఆశీర్వాదం నిలవదు యాదయ్యా."

"నాకు మైకంటె బుగులు, భయమైతది అన్నా. ఏం చెప్పాలె?"

"నీ బిడ్డ గోడలకు రాస్తలేదా? బాపుకు రాసియ్యదా? రాయి బిడ్డా, మంచిగ రాయి."

రాశాను. చాలా బాగా రాశాను. నా సాక్ష్యంలో నాన్న సీసాను బండకేసి పగలగొట్టాడు. మా ఇంట్లోనేమో ఖాళీ సీసాను అమ్మ కడిగి అందులో నూనె పోసుకుంది. నా సాక్ష్యంలో నాన్నకు ఒక వెలుగు కనిపించింది. నాన్న దాన్ని బట్టీపట్టి చెబితే షెడ్డంతా ఏడ్చింది. తర్వాత నిజాంపేటలో గృహకూడికకు పిలిచారు, ఇంకో చోటికి పిలిచారు, ప్రతిచోటా అదే సీసా, అదే బండ, అదే వెలుగు. మానాలనుకున్న మనిషిని మానేసిన మనిషిగా నిలబెట్టడానికి మనకు రెండు రోజులు చాలాయి. నిజంగా మానడానికి ఎంతకాలం పడుతుందో ఆ షెడ్డులో ఒక్కరూ అడగలేదు.

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. నిజాంపేట కూడిక నుంచి దండ మెడలో ఉండగానే వచ్చే దారిలో మొదలుపెట్టాడని అమ్మ తర్వాత చెప్పింది. ఇదివరకు తూలుతూ వస్తే నలుగురూ చూసేవారు, ఒకరు చేయి పట్టుకుని ఇంట్లో దింపేవారు. ఇప్పుడాయన సాక్ష్యం చెప్పిన మనిషి, ఎవరికీ కనబడకూడదు. చెక్కల చాటున తాగాడు, ఒంటరిగా తాగాడు, పొద్దున లేవగానే తాగాడు. అమ్మకు తెలుసు, నాకు తెలుసు, సంఘానికి తెలియదు. తాగుబోతు మీద జాలిపడే లోకంలో, సాక్ష్యం చెప్పిన తాగుబోతుకు మాత్రం దాక్కోవడం తప్ప దారి లేదు.

అప్పుడు బంద్ వచ్చింది. బస్సులు నిలిచాయి, దుకాణాలు మూతపడ్డాయి, వాటితోపాటు వైన్‌షాపులూ కల్లు కాంపౌండూ మూతపడ్డాయి. దాచుకున్నది అయిపోయాక నాన్న చేతులు వణకడం మొదలైంది. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడిచాడు, అక్కడ చీమలు లేవు. మధ్యాహ్నానికి కళ్ళు తేలేసి, పళ్ళు బిగబట్టి, ఒళ్ళంతా కొట్టుకున్నాడు. నేను పరుగెత్తి ఇమ్మానుయేలు గారిని పిలుచుకొచ్చాను. ఆయన చూసి, లోపలికి వచ్చి, తలుపు గడియ పెట్టాడు.

"ఇది సాతాను దాడి. సాక్ష్యం చెప్పినోని మీదికే వస్తది. ఎవ్వలికీ తెల్వనియ్యకుండ్రి, సాక్ష్యం పాడైతది. కూసొని ప్రార్థన చేద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు, నాన్నను ప్రేమించాడు, అందుకే తలుపు మూశాడు. ఇలాంటి పొరపాటు మనలాంటివాళ్ళం తప్ప ఎవరూ చేయరు. లోకం మనిషిని కాపాడటానికి తలుపు తీస్తుంది, మనం అతని సాక్ష్యాన్ని కాపాడటానికి గడియ పెడతాం. ఏనాడూ పెద్దల మాటకు ఎదురు చెప్పని మా అమ్మ లేచి గడియ తీసింది.

"సాక్ష్యం పాడైతె కానీ అన్నా. నాకు మనిషి కావాలె."

నేను పరుగెత్తడం చూసి వెనకే వచ్చిన పాస్టరమ్మగారు తీసిన తలుపులోంచి లోపలికి వచ్చింది. నాన్న నుదుటి మీద చేయి పెట్టి, నోట్లో నురగ తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

"మా నాన్నగారికి ఇలాగే వచ్చిందండి. మేమూ తలుపేసి ప్రార్థన చేశాం. ప్రార్థన తప్పు కాదండి, తలుపేయడం తప్పు. ఆయన మాకు దక్కలేదు. లెగండి, ఆసుపత్రికి వెళ్తూ ప్రార్థన చేద్దాం."

బస్తీలో ఒక ట్రాలీ ఆటో ఉండేది. దానిలో నాన్నను పడుకోబెట్టి అమ్మ, నేను, పాస్టరమ్మగారు ఎక్కాం. ఆటో కదలగానే అమ్మ నాన్న తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థించింది. నేను విన్న ప్రార్థనలన్నిటిలో గొప్పది అదే. "ప్రభువా, ఈన మంచోడని నీకు చెప్ప. ఈన మానిండని గూడ చెప్ప. నువ్వు జూస్తనే ఉన్నవ్ గద. ఉన్నది ఉన్నట్టె నీ ముంగట పెడుతున్న, ఈనను నాకియ్యి."

హైవే ఎక్కేచోట టైరు మండుతోంది. ఉద్యమం పోరగాళ్ళు అడ్డంగా నిలబడ్డారు.

"బంద్ అని తెల్వదా? ఎటు పోతున్రు?"

"పేషెంటు ఉన్నాడు బాబూ, కాస్త దారి ఇవ్వండి" అంది పాస్టరమ్మగారు.

ఆ మాట తీరుకు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందున్నవాడు దగ్గరికి వచ్చాడు. "ఏ ఊరమ్మా మీది?"

ఆ రోజుల్లో ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆమె మాత్రం అబద్ధం ఆడలేదు, మా యాసను అరువు తెచ్చుకోలేదు.

"మాది భీమవరం నాయనా. ఈయనది పాలమూరు. నా మీద ఏమైనా ఉంటే నేనిక్కడ దిగి నిలబడతాను, మీ ఇష్టమొచ్చినంతసేపు మాట్లాడండి. ఆయన్ని మాత్రం పోనివ్వండి." అంటూ నిజంగానే దిగేసింది.

ఆ పిల్లాడు రెండు చేతులూ జోడించాడు. "ఎక్కమ్మా, ఎక్కు. గిట్ల దిగితె మాకు ఇజ్జత్ ఉంటదా? తెలంగాణ అడుగుతున్నం గని పానాలు తీస్తమా?" తర్వాత నన్ను చూశాడు. "నువ్వు గోడకు రాసే పిల్లవు గాదా? జర ముందుగాల చెప్పొద్దా?" అని తన బండి తీసి, మా ఆటోకు ముందు నడుపుతూ, ప్రతి చౌరస్తాలో చేయెత్తి అరుస్తూ, సర్కారు దవాఖాన గేటు దాకా దారి చేశాడు. అతని పేరు నేను అడగలేదు. నా ప్రార్థనలో అతనికి పేరు లేకపోయినా చోటుంది.

డాక్టరు మమ్మల్ని తిట్టాడు. ఏళ్ళ తరబడి తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయని, ప్రాణం మీదికి వస్తుందని, ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేనని అన్నాడు. ఒంటికి వచ్చిన జబ్బును సాతాను పేరు పెట్టి గదిలో దాచమని ఏ వాక్యం చెబుతోంది? వైద్యుణ్ణి పిలవడం అవిశ్వాసమని ఎవరు నేర్పారు? మన ప్రభువు రోగులను ఎప్పుడైనా దాచమన్నాడా, నలుగురి ముందుకు తెమ్మన్నాడా? దేవుడు దవాఖానకు పోటీ కాదు సహోదరులారా. అమ్మ ప్రార్థన, డాక్టరు సూది, పాస్టరమ్మగారి ధైర్యం, ఆ పిల్లాడి బండి, ఇవన్నీ ఒకే జవాబు అని నేను నమ్ముతున్నాను, నమ్మి ఎవరితోనైనా వాదిస్తాను.

నాన్న వార్డులో ఉన్నాడు, ఇంటికొచ్చాడు, మందులు వాడాడు, మళ్ళీ మళ్ళీ దవాఖానకు వెళ్ళి కూర్చుని మాట్లాడాడు. మధ్యలో ఒకసారి జారాడు. ఈసారి దాచలేదు, తిన్నగా పాస్టరుగారి ఇంటికి వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాడు, ఆయన టీ తాగించి దవాఖానకు తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకు ఇమ్మానుయేలు గారు మళ్ళీ వచ్చాడు, పెద్ద సభలున్నాయి, చావు నుంచి లేచినవాడి సాక్ష్యం కావాలి, బిడ్డ రాయాలి అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నాన్నే అమ్మను చూపిస్తూ చెప్పాడు.

"వద్దన్నా. మానిన్నో లేదో నాకంటె దీనికి ఎక్కువ ఎరుక. చెప్పే రోజొస్తె అదే చెప్తది."

పాస్టరమ్మగారికి ఆ మాట నచ్చింది. అప్పటినుంచి మా సంఘంలో అదే పద్ధతి, తాగుడు మానినవాడి సాక్ష్యం అతను చెప్పడు, అతనితో ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు చెబుతారు, అదీ వాళ్ళకు తోచినప్పుడు. మా అమ్మకు తోచడానికి చాలా కాలం పట్టింది. తెలంగాణ వచ్చింది, మా బస్తీ పోరగాళ్ళు గులాల్ చల్లుకున్నారు, నర్సవ్వ నా ముఖానికి కూడా పూసింది. ఆ తర్వాతి ఆదివారం, ఎవరూ పిలవకుండానే, అమ్మ కొంగు సర్దుకుని లేచింది. మైకు తీసుకోలేదు.

"ఈన పొద్దుగూకంగ ఇంటికొస్తుండు. పిల్ల సదువుకుంటుంటె పక్కన కూసుంటుండు. నేను తలుపు దిక్కు సూసుడు బంద్ చేసిన."

అంతే, కూర్చుంది. చప్పట్లు లేవు. షెడ్డులో ప్రతి ఆడమనిషీ తన ఇంటి తలుపును తలుచుకుందని నాకు తెలుసు. ఇమ్మానుయేలు గారే తల వంచుకుని, మెల్లగా, "స్తోత్రం" అన్నాడు.

నేను ఆ రోజు నుంచి ఎన్నో వ్యాసాలు రాశాను, ఎందరితోనో వాదించాను, కానీ అమ్మ చెప్పిన ఆ మాటలకు సాటి వచ్చేది ఇంకా రాయలేదు. మా అమ్మకు ఆ మాటలిచ్చిన దేవునికి, మా నాన్నను మా ఇంట్లోనే ఉంచిన దేవునికి కృతజ్ఞతలు. ఆయనను నమ్మండి, నిజం చెబితే ఆయన పేరు చెడిపోతుందని భయపడేంత చిన్న దేవుడు కాడు ఆయన.

ఇక మీ పని. మీ ఇంట్లో తాగే మనిషి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టండి, తలుపు గడియ తీయండి, అతన్ని దవాఖానకు తీసుకెళ్ళండి, దారి పొడుగునా ప్రార్థన చేయండి. ఆదివారం అతని చేతికి మైకు ఇవ్వకండి. అతని ఇంటికి వెళ్ళి, తలుపు వైపు చూస్తూ కూర్చున్న ఆమె పక్కన కూర్చుని, ఎలా ఉందని ఆమెను అడగండి.