లలిత ఆంటీ అక్క కూర్చున్న కుర్చీ

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే, లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే రకం నేను. భయమేసి కాదు, విసుగొచ్చి. దయ్యాలున్నాయని ఇప్పుడు కూడా అనను. లండన్‌లోని క్రోయిడన్‌లో, పెద్దవాళ్ళు పగటిపూట గడిపే ఒక డే సెంటర్‌లో జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను. పేర్లు మార్చాను.

అప్పటికి ఐటీ ఉద్యోగం మానేసి డ్రామా థెరపీలో మాస్టర్స్ చేస్తున్నాను. నాటకంలోని పద్ధతులతో మనసుకు చేసే వైద్యం అది. ఇక్కడ డిగ్రీ ఒక్కటే చాలదు. ఆ డే సెంటర్‌లో నేను చేస్తున్నలాంటి ప్లేస్‌మెంట్ శిక్షణ కూడా పాసై, వృత్తి రిజిస్టర్‌లో పేరెక్కితేనే డ్రామా థెరపిస్టునని చెప్పుకోనిస్తారు.

"ఇంత చదివి ఈ నాటకాలేంది బిడ్డా" అని హైదరాబాద్ నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పాసవ్వాలి, అంతే. ఇంకొక్క సెషన్ మిగిలింది. దాన్ని కూర్చుని చూసి, పాసో ఫెయిలో తేల్చడానికి మా ట్యూటర్ వస్తానంది.

దానికి ముందు వారం లలిత ఆంటీ మొదటిసారి నోరు విప్పింది. ఆమె నిజామాబాద్ నుంచి కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. అక్క చనిపోతే వీసా చిక్కుల వల్ల కడసారి చూపుకు కూడా వెళ్ళలేకపోయింది. అప్పటి నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదట. గదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీని ఆమె ముందు వేసి, అందులో అక్క ఉందనుకుని మాట్లాడమన్నాను. "అక్కా, ఒచ్చినవా" అంటూనే ఏడ్చేసింది.

మా పనిలో ఒక నియమం ఉంది. పాత్ర వేసినవాళ్ళు చివర్లో దాన్ని దులిపేసుకుని, తమ అసలు పేరు పైకి చెప్పాలి. కుర్చీకీ అంతే. "ఇది అక్క కాదు, కుర్చీ" అని వాళ్ళ నోటితోనే చెప్పించి, దాన్ని పక్కకు జరిపించాలి. ఆ రోజు అంతదాకా రాకముందే ఫైర్ అలారం మోగింది. వంటగదిలో ఎవరో టోస్ట్ మాడ్చారు. అందరం కార్ పార్క్‌లో నిలబడి తిరిగి వచ్చేసరికి, ఇళ్ళకు తీసుకెళ్ళే మినీబస్సులు సిద్ధంగా ఉన్నాయి.

మరుసటి వారం ట్యూటర్ వచ్చి మూలన కూర్చుంది. మామూలుగా ఆ చేతుల కుర్చీ కోసం పెద్దవాళ్ళు పోటీ పడేవారు. ఆ రోజు అందరూ దాన్ని దాటుకుని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. పొద్దున తిన్నది కూడా గుర్తుండని మార్గరెట్‌ను అందులో కూర్చోమంటే, "అక్కడ ఎవరో ఉన్నారు కదా" అంది. పోయిన వారం సీను మనసులో ఎక్కడో మిగిలి ఉంటుందిలే అని సర్ది చెప్పుకున్నాను.

తర్వాత రాన్ వచ్చాడు. ఆ సెంటర్‌కు రావడం ఆయనకు అదే మొదటిసారి. చూపు లేదు. చెయ్యి పట్టుకుని ఆ కుర్చీ దగ్గరికే తీసుకెళ్ళాను. కుర్చీ చేతిని తడిమి, చప్పున వెనక్కి తగ్గాడు. "సారీ లవ్, ఎవరూ లేరనుకున్నాను" అన్నాడు, కుర్చీ వైపు తిరిగి. ఇక్కడి పెద్దవాళ్ళు మామూలుగా ఆడవాళ్ళనే అలా పిలుస్తారు.

రాన్‌ను తలుపు పక్కన కూర్చోబెట్టాను. ఆ రోజుకి నేను రాసుకున్న ప్లాన్ వేరు. ట్యూటర్ ముందు దాన్ని వదిలేస్తే ఫెయిలవ్వచ్చు. కానీ దయ్యం ఉన్నా లేకపోయినా, మొదలుపెట్టిన పని సగంలో ఆగి ఉంది. లలిత ఆంటీని లేపి కుర్చీ ముందుకు తీసుకొచ్చాను.

ఆమె కుర్చీ వైపు తిరిగింది. "అక్కా, నేను రాలేకపోయిన. మనసుల వెట్టుకోకు. నేనీడ మంచిగనే ఉన్న. ఇగ నువ్వు పో" అంది. తర్వాత నేను చెప్పమన్నట్టే, "ఇది మా అక్క కాదు, కుర్చీ" అని దాన్ని పక్కకు జరిపింది.

సరిగ్గా అప్పుడే రాన్ చాచుకున్న కాళ్ళను దగ్గరకు లాక్కున్నాడు. ఆయన ముందు నుంచి ఎవరూ నడవలేదు. ఆయనకు తెలుగు ముక్క రాదు. తర్వాత టీ ఇస్తూ అడిగితే, "ఆవిడ వెళ్తుంటే దారివ్వద్దా?" అన్నాడు.

ట్యూటర్ ప్లాన్ ఎందుకు మార్చావని మాత్రం అడిగింది. చెప్పాను. పాస్ చేసింది. ఇప్పుడు రిజిస్టర్‌లో నా పేరుంది. రాన్ కుర్చీ కిర్రుమనడం విని పొరబడ్డాడేమోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. కష్టపడితే ఆయన సంగతికి ఏదో ఒక కారణం దొరుకుతుంది.

నా సంగతికే దొరకడం లేదు. కుర్చీ జరిపాక లలిత ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "పోయిందా బిడ్డా?" అని అడిగింది. అలాంటి ప్రశ్నకు మేం జవాబు చెప్పకూడదు. "మీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగాలి. మూడేళ్ళు నేర్చుకున్నది అదే. మూలన ట్యూటర్ చూస్తూనే ఉంది.

"పోయింది ఆంటీ" అన్నాను.

ఆమెను ఓదార్చడానికి అన్న మాట కాదది. నేనేమీ చూడలేదు, ఏమీ వినలేదు. కానీ వెళ్ళిపోయిందని నాకు తెలుసు. ఎలా తెలుసో ఇవాళ్టికీ చెప్పలేను.